రింగ్ గేర్ పళ్ళు అరిగినప్పుడు ఏది మేలు: ఉన్నదాన్ని తిప్పి వేయడమా, కొత్తది ఎక్కించడమా, ఫ్లైవీల్ మార్చడమా?

తిరుపతిలో పాత అంబాసిడర్లను, పద్మినీలను ఇప్పటికీ ప్రాణంగా చూసుకుంటున్న మిత్రులు ఈ మధ్య నన్ను పదేపదే ఒకే ప్రశ్న అడుగుతున్నారు. సెల్ఫ్ కొట్టినప్పుడు కరకరమని శబ్దం వచ్చి ఇంజను తిరగకపోతే, ఉన్న రింగ్ గేర్‌నే తిప్పి వేయించుకోవాలా, కొత్త రింగ్ ఎక్కించుకోవాలా, లేక పాత సామాన్లలో దొరికే ఫ్లైవీల్‌ను తెచ్చి బిగించుకోవాలా అన్నది వారి సందేహం. ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివర తిరిగే బరువైన చక్రమే ఫ్లైవీల్, దాని అంచున బిగించిన పళ్ళ కట్టు రింగ్ గేర్; సెల్ఫ్ మోటారు ఆ పళ్ళను పట్టుకునే ఇంజనును తిప్పుతుంది. నా 1983 నాటి మార్క్ 4 అంబాసిడర్‌కు నాలుగేళ్లలో రెండుసార్లు గేర్‌బాక్స్ దించవలసి వచ్చింది. మొదటిసారి నేను ఎంచుకున్న దారి సరైనది కాకపోవడం వల్లనే రెండవసారి ఆ పని పడింది కనుక, ఈ ప్రశ్నకు నా అనుభవంతోనే జవాబు చెప్పగలను.

ముందుగా తప్పు పళ్ళదేనని రూఢి చేసుకోవాలి. కరకంబాడిలో బ్యాటరీలు తయారయ్యే ప్రాంతం వాళ్ళం కాబట్టి కాబోలు, మనకు మొదటి అనుమానం ఎప్పుడూ బ్యాటరీ మీదికే పోతుంది. ఆ అనుమానం తీరాలంటే సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడాలి. అది తొమ్మిదిన్నర కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీని అనుమానించాలి; పడిపోకుండానే మోటారు నీరసంగా తిరుగుతుంటే టెర్మినళ్ళను, ఇంజను నుంచి ఛాసీకి వచ్చే ఎర్త్ పట్టీని శుభ్రం చేసి చూడాలి. మోటారు గిర్రున తిరుగుతూ ఇంజనును అసలు అందుకోకపోతే, బెండిక్స్ (సెల్ఫ్ మోటారు తిరగగానే తన పళ్ళచక్రాన్ని రింగ్ గేర్ పళ్ళలోకి జరిపే భాగం) మీద క్లచ్ ధూళి పేరుకుని పళ్ళచక్రం ముందుకు జరగడం లేదని అర్థం. దాన్ని పెట్రోలుతో కడిగి ఆరబెట్టాలే తప్ప నూనె వేయకూడదు, నూనె మళ్ళీ ధూళినే పట్టుకుంటుంది. బెండిక్స్ రింగ్‌లో ఇరుక్కుపోయి అంతా బిగుసుకుంటే, తాళం ఆపి, టాప్ గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే చాలాసార్లు విడిపోతుంది. ఇవేవీ కాకుండా, కొన్నిసార్లు మాత్రమే కరకరమని జారిపోయి, హ్యాండిల్‌తో ఇంజనును పావు చుట్టు తిప్పగానే మామూలుగా అందుకుంటుంటే, అది రింగ్ గేర్ జబ్బే. నాకు ఈ సంగతి చిత్తూరు వెళుతూ పూతలపట్టు దగ్గర టీ కోసం ఆగినప్పుడు తెలిసివచ్చింది. ఆ రోజు డిక్కీలో హ్యాండిల్ ఉండబట్టి ఇంటికి చేరాను.

ఈ జబ్బులో ఒక విశేషం ఉంది, నా తీర్పు మొత్తం దాని మీదే నిలుస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజను ఆగేటప్పుడు కంప్రెషన్‌లో ఉన్న పిస్టను ఎదురు నెట్టడం వల్ల, క్రాంక్ దాదాపు ప్రతిసారీ ఒకదానికొకటి ఎదురుగా ఉండే రెండు చోట్లలో ఒకచోటనే నిలుస్తుంది. అందువల్ల బెండిక్స్ ఏళ్ల తరబడి ఆ రెండు చోట్ల పళ్ళనే కొడుతూ ఉంటుంది, మిగిలిన పళ్ళు కొత్తవాటిలాగే ఉండిపోతాయి. సెల్ఫ్ మోటారు విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, హ్యాండిల్‌తో ఒక పూర్తి చుట్టు తిప్పుతూ అరిగిన పళ్ళ మీద సుద్దముక్కతో గుర్తు పెడితే ఈ రెండు మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి.

నేను మొదటిసారి చేసింది పాత ఫ్లైవీల్ తెప్పించడం. చెన్నై నుంచి వచ్చిన ఆ ఫ్లైవీల్ చూడటానికి బాగానే ఉంది, అమ్మినవారు నన్ను మోసం చేయలేదు. కానీ అదీ నాలుగు సిలిండర్ల బండి నుంచి వచ్చిందే కనుక దాని పళ్ళు కూడా ఆ రెండు చోట్లే అరిగాయి. పైగా ఈ ఇంజనులో ఫ్లైవీల్‌ను మనకు తోచినట్టు బిగించకూడదు, దాని మీది 1, 4 గుర్తు క్రాంక్ మీద ఆ సిలిండర్ల వైపే రావాలి. అంటే ఎవరి బండిలో అరిగిన పళ్ళైనా మన బండిలోనూ సరిగ్గా ఇంజను ఆగే చోటికే వచ్చి కూర్చుంటాయి. ఏడాది దాటేసరికి శబ్దం మళ్ళీ మొదలైంది. ఇది గాక, మరో బండి క్లచ్‌తో అరిగిన ఆ ఫ్లైవీల్ ముఖం మీద నా క్లచ్ మొదటి గేరులో వణుకుతూ పట్టేది.

ఉన్న రింగ్‌నే వేడి చేసి ఊడదీసి, తొంభై డిగ్రీలు పక్కకు తిప్పి ఎక్కించడం అంతకంటే ఎంతో తెలివైన పని. ఇంజను ఆగే రెండు చోట్లకూ దెబ్బ తినని పళ్ళు వస్తాయి, రింగ్ కోసం వెతుకులాట ఉండదు. కొందరు మేస్త్రీలు రింగ్‌ను బోర్లా తిప్పుతారు; పళ్ళ అంచు రెండు వైపులా ఒకేలా ఉంటే అదీ సరే, కానీ బెండిక్స్ ప్రవేశించే వైపు మాత్రమే వాలు ఇచ్చి ఉంటే బోర్లించకూడదు. ఈ దారిలో నాకున్న అభ్యంతరం ఒక్కటే: ఒకసారి బిగుసుకున్న రింగ్ రెండవ వేడి తిన్న తరువాత పట్టు మునుపటంత గట్టిగా ఉంటుందన్న నమ్మకం లేదు.

గేర్‌బాక్స్ దించడం, క్లచ్ విప్పడం, మళ్ళీ అమర్చడం మూడు దారుల్లోనూ ఒకే శ్రమ. పదే పదే చేయదగిన పని కాదు కనుక, మన ఫ్లైవీల్‌ను మనమే ఉంచుకుని దాని మీద కొత్త రింగ్ ఎక్కించడమే మేలని నా అభిప్రాయం. కొనేముందు పళ్ళు లెక్కపెట్టి, లోపలి వ్యాసం కొలిచి తీసుకువెళ్ళాలి. అంబాసిడర్‌దని చెప్పినంత మాత్రాన సరిపోదు, తరువాత వచ్చిన ఇసుజు ఇంజను వేరు.

ఎక్కించేటప్పుడు పనితనమే ముఖ్యం. 300 మి.మీ. వ్యాసం గల ఉక్కు రింగ్ 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.7 మి.మీ. విప్పారుతుంది, ఆ కొద్దిపాటి సందులోనే అది చల్లని ఫ్లైవీల్ మీదికి దిగి అంచుకు ఆనాలి. గ్యాస్ మంటను ఒకచోట నిలపకుండా చుట్టూ తిప్పుతూ ఉండాలి. లేత నీలం కనిపించేసరికి ఆపాలి, ఎర్రబడనిస్తే పళ్ళ గట్టిదనం పోతుంది. ఆ పైన నీళ్ళు పోయకుండా గాలికే చల్లారనివ్వాలి. రెండవసారి లేత్ షాపులో నేను పక్కనే నిలబడి ఇవన్నీ గమనించాను, ఆ రింగ్ నేటికీ ఒక్క పన్ను నలగకుండా ఉంది.

అరిగిన పళ్ళ మీద వెల్డింగ్ పోసి ఆకురాయితో దిద్దడం వద్దు. కొత్త రకం గేర్డ్ సెల్ఫ్ మోటారు మంచిదే గాని, అరిగిన రింగ్‌కు అది మందు కాదు.

ఏ దారి పట్టినా బెండిక్స్ పళ్ళచక్రాన్ని కూడా మార్చాలి, పాతదాన్ని ఉంచితే అది కొత్త పళ్ళను కొరికేస్తుంది. గేర్‌బాక్స్ దిగి ఉన్నప్పుడే క్లచ్ కార్బన్ బేరింగును, క్రాంక్ చివరి బుష్‌ను చూసుకోవాలి. స్పార్క్ పడే టైమింగ్ మరీ ముందుకు ఉంటే ఇంజను వెనక్కి తన్ని పళ్ళను, బెండిక్స్ స్ప్రింగును విరుస్తుంది కనుక దాన్నీ సరిచేయించాలి. ఇంజను ఒకసారి అందుకోకపోతే, అది పూర్తిగా ఆగేదాకా మళ్ళీ సెల్ఫ్ కొట్టకూడదని బండి నడిపే ఇంటివాళ్ళందరికీ చెప్పి ఉంచాలి.