ప్లాస్మా 6: సొంత థీమ్ చేసుకునేవాళ్లకు ఇదే సరైంది

హన్మకొండ డీటీపీ సెంటర్లలోనో, ఇంట్లోనో లైనక్స్ వాడేవాళ్లకు డెస్క్‌టాప్ రూపం మార్చుకోవడానికి కేడీఈ ప్లాస్మా 6 అనే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను మించింది లేదు. విండోస్‌లో మనకు దొరికేది వాల్‌పేపర్, యాక్సెంట్ రంగు, లైట్-డార్క్ మోడ్ లాంటివే; విండోల రూపమే మార్చాలంటే సిస్టమ్ ఫైళ్లకు ప్యాచ్ వెయ్యాలి, పెద్ద అప్‌డేట్ రాగానే అది పోతుంది.

సిస్టమ్ సెట్టింగ్స్‌లో కలర్స్ తెరిచి, బ్రీజ్ డార్క్ అనే రంగుల స్కీమ్ మీది పెన్సిల్ గుర్తు నొక్కి, కొత్త పేరుతో సేవ్ చేసుకోండి. రామప్ప గుడి ఇసుకరాయి ఎరుపు (ఆర్‌జీబీ, అంటే ఎరుపు-పచ్చ-నీలం పాళ్లు: 140, 59, 46) సెలెక్షన్‌కు చాలా బాగుంటుంది. దాని మీద తెల్ల అక్షరాల కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు నిష్పత్తి) 7 దాటుతుంది. అదే ఎరుపుతో నలుపు (30, 30, 30) మీద అక్షరాలు పెడితే 2 దగ్గరే ఆగిపోతుంది, కళ్లు గుంజుతాయి. కనీసం 4.5 ఉండాలి.

అసలు తిప్పలు తెలుగు ఫాంటుతోనే. ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకు గీసిన టైటిల్ బార్లలో వత్తులు కింద తెగిపోతాయి. ‘రాష్ట్రం’ అని ఫోల్డర్ చేసి తెరిచి చూడండి. ట వత్తు, ర వత్తు రెండూ టైటిల్ బార్‌లో కనిపిస్తేనే ఆ విండో డెకరేషన్ (టైటిల్ బార్, అంచుల డిజైన్) ఉంచుకోండి.

బయటి గ్లోబల్ థీమ్‌లు (డెస్క్‌టాప్ రూపం మొత్తం ఒకేసారి మార్చేవి) గుడ్డిగా వేసుకోవద్దు. వాటిలో నడిచే కోడ్ ఉండొచ్చు. 2024 మార్చిలో ఒకటి వాడినాయన ఫైళ్లనే తుడిచేసింది. రంగుల స్కీమ్‌తో ఆ భయం లేదు, అది ఉత్త టెక్స్ట్ ఫైలు.

గ్నోమ్ (లైనక్స్‌లో మరో డెస్క్‌టాప్) కొత్త యాప్‌లు మాత్రం మన రంగులను చాలావరకు పట్టించుకోవు. లాగిన్ తెర చూపించే ప్రోగ్రామ్ ఎస్‌డీడీఎమ్ అయితే, సిస్టమ్ సెట్టింగ్స్‌లో దాని పేజీలో ‘అప్లై ప్లాస్మా సెట్టింగ్స్’ విడిగా నొక్కాలి.