మా ఊరి పాట కోసం మద్రాసు దాకా

కర్ణాటక సంగీతం జంటగా పాడే మల్లాది సోదరులు శ్రీరామప్రసాద్ గారు, రవికుమార్ గారు ఉండేది మా బెజవాడలోనే. తుమ్మలపల్లి కళాక్షేత్రం మా ఇంటికి ఆటోలో పావుగంట. అయినా పదేళ్ళలో నేను వాళ్ళని ఊళ్ళో విన్నది రెండేసార్లు. పిల్లాడి పరీక్షలో, ఇంటికి చుట్టాలో, కచేరీ ఉన్న రోజే ఏదో ఒకటి తగులుకుంటుంది. ఊళ్ళో ఉంటే ఇంతేనని, మొన్న డిసెంబరులో పంతం పట్టి మద్రాసు సీజన్‌లో, అంటే అక్కడ ఏటా జరిగే సంగీతోత్సవాల్లో, వాళ్ళ కచేరీకి వెళ్ళొచ్చాను. దాదాపు 430 కిలోమీటర్లు. తోడు మా పిన్ని. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నాకు ట్రాఫిక్ అంటే టెన్షన్. కింద రాసిన మంచిచెడ్డలన్నీ ఈ రెండిటినీ బట్టే.

రైలు సంగతి త్వరగా చెప్పేస్తాను. వందే భారత్ మధ్యాహ్నం బయల్దేరి, రేణిగుంట మీదుగా రాత్రికి చేరుస్తుంది. ఛార్జీ ఎక్కువ, పైగా ఆ రోజు కచేరీలన్నీ పోతాయి. మేం పొద్దున్నే పినాకిని ఎక్కాం. మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగాం. పులిహోర ఇంటి నుంచే తెచ్చుకున్నాం కాబట్టి రైల్లో తిండి ఎలా ఉంటుందో నన్ను అడక్కండి.

సెంట్రల్ నుంచి మైలాపూర్‌కి చవకైన దారి ఎదురుగా పార్క్ టౌన్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కి తిరుమయిలైలో దిగడం. టికెట్టు కాఫీ ఖరీదు కూడా కాదు. కానీ మెట్లు చాలా. పెట్టెలతో, మోకాళ్ళతో అయ్యే పని కాదని ఆటో మాట్లాడుకున్నాం. లజ్ దగ్గర మెట్రో పనుల వల్ల రోడ్లు మళ్ళించారు. డ్రైవరు సందులన్నీ తిప్పుతూ తీసుకెళ్ళాడు. "చక్కని రాజమార్గములుండగ సందుల దూరనేల" అని పిన్ని వెనక సీట్లో పాట అందుకుంది. డ్రైవరు అద్దంలోంచి చూసి "ఖరహరప్రియ" అని రాగం పేరు చెప్పాడు! ఈ ఊరికి ఎందుకొచ్చానో నాకప్పుడే తెలిసిపోయింది. అయినా యాభై రూపాయలు ఎక్కువే తీసుకున్నాడు.

బస విషయంలో మాత్రం పప్పులో కాలేశాను. కపాలీశ్వర స్వామి గుడి మాడవీధుల దగ్గర ఉంటే సభలకి, అంటే కచేరీలు పెట్టే సంస్థల హాళ్ళకి, నడిచి వెళ్ళచ్చనుకుని నవంబరు ఆఖర్లో వెతికితే, మంచి గదులన్నీ అప్పటికే అయిపోయాయి. విదేశాల నుంచి వచ్చే రసికులు చాలా ముందే బుక్ చేసుకుంటారట. మాకు దొరికిన లాడ్జిలో రోజుకి 2,200 రూపాయలు. ఫోన్‌లో ఉందన్న లిఫ్టు అక్కడ లేదు. వేడినీళ్ళు పొద్దున ఏడు వరకే. రెండో అంతస్తుకి పిన్ని ఆగి ఆగి ఎక్కుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. టి.నగర్‌లో అదే డబ్బుకి పెద్ద గది వస్తుంది. వాణీ మహల్, కృష్ణ గాన సభ అటే కాబట్టి అవి వినేవాళ్ళకి అదే మేలు. కానీ మీరు వినదలుచుకున్నవి మైలాపూర్‌లోనో, టి.టి.కె. రోడ్డులోనో ఉంటే రోజూ సాయంత్రం ఆ ట్రాఫిక్‌లో ఈదాలి.

ఆ లాడ్జి చేసిన ఒకే ఒక మేలు, తెల్లవారుజామున కిటికీ కింద నుంచి వినిపించిన తిరుప్పావై. మార్గళి మాసం, మన ధనుర్మాసం. వీధి పొడుగునా తడి ముగ్గులు. ఒకప్పుడు తమిళ వాగ్గేయకారులు పాపనాశం శివన్ గారు ఈ మాడవీధుల్లోనే భజన చేస్తూ తిరిగేవారు. తిరుప్పావై పాడుతున్న ఆ గోష్ఠి వెనకే మేమూ రెండు వీధులు నడిచాం. అటునుంచి రాయర్ మెస్‌లో ఇడ్లీ, గట్టి చట్నీ. ఉన్నవే కొద్ది కుర్చీలు, బయట నిలబడాల్సిందే, అయినా నిలబడండి. సాయంత్రం కాళత్తి కొట్లో రోజ్ మిల్క్ నాకు మరీ తీపనిపించింది, పిన్ని మాత్రం రెండు తాగింది. లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో కాసేపు కూర్చున్నాం. ఆ పేరు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిదే. 1914లో ఆంధ్రపత్రికని దినపత్రికగా ఈ ఊళ్ళోనే మొదలుపెట్టారు. "అమృతాంజనం ఆయనది, మోకాళ్ళు నావి" అంది పిన్ని బెంచీ మీద కాళ్ళు చాపుకుని.

సభల గురించి కొత్తవాళ్ళకి రెండు మాటలు. డిసెంబరు నడిమి నుంచి జనవరి 1 దాకా రద్దీ. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలు ఉచితం, పాడేది చిన్నవాళ్ళు, వాళ్ళని తీసిపారేయకండి. సాయంత్రాలకి టికెట్టు. మ్యూజిక్ అకాడమీలో సీజన్ టికెట్లు మనబోటివాళ్ళకి అందవు. ఆ రోజు టికెట్ల కోసం పొద్దున్నే కౌంటరు ముందు నిలబడాలి. పిన్నికి ఆ హాలు చూడాలని కోరిక. మన తెలుగు విద్వాంసులు పినాకపాణి గారికి 1983లో, నేదునూరి వారికి 1991లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది ఆ అకాడమీయే మరి. నిలబడి, బాల్కనీ సంపాదించాం. సంతోషమే. ఇంకో చిన్న సభలో మాత్రం మృదంగం మైకు చెవుల్లో మేకులు కొట్టింది, అరగంటకే లేచొచ్చాం. ఏ సభైనా వెనక వరసల్లో, స్పీకర్లకి దూరంగా కూర్చోండి.

కాంటీన్‌కి టికెట్టు అక్కర్లేదు. కీరై వడ, ఫిల్టర్ కాఫీ, అశోకా హల్వా. తని, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొదలవగానే సగం హాలు లేచి అటు నడుస్తుంది. పాపం, మృదంగం ఆయన ఖాళీ కుర్చీలకి వాయించాలి. "కచేరీకొచ్చామా, కాంటీన్‌కొచ్చామా?" అని పిన్ని విసుక్కుంది, వడ తింటూనే.

మల్లాది వారి కచేరీకి గంట ముందే వెళ్ళాం. పక్క సీట్లో ఒక తమిళ పెద్దావిడ, ఒళ్ళో లావుపాటి నోటుబుక్కు. అన్నీ త్యాగరాజ కృతులే, తమిళ లిపిలో. తమిళంలో క, గ లకి ఒకే అక్షరం కదా, అందుకని అక్షరాల నెత్తిన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసుకుంది. ఆటోలో పిన్ని అందుకున్న పాటే తీసి "గంగాసాగరమేలే అంటే గంగ సముద్రంలో కలిసేచోటా? అంత పుణ్యస్థలాన్ని ఛీ అంటారేమిటి?" అని అడిగింది. ఇంగ్లీషూ తమిళమూ కలిపి, అక్కడ దానర్థం కల్లు అని పెద్దలు చెబుతారనీ, చిక్కని పాలూ మీగడా ఉండగా ఆ పాడు కల్లెందుకు అంటున్నాడనీ చెప్పాను. యాభై ఏళ్ళుగా ఆ పాట పాడుకుంటోందట. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, పెన్ను తీసి అంచున రాసుకుంది.

ఏమేం పాడారో జాబితా రాయను. మొదటి పాటకే నా నోటుబుక్కు మూసేశాను. ఒకరు ఆలాపనలో ఎక్కడ వదిలారో రెండోవారు సరిగ్గా అక్కడే పట్టుకుంటారు, పోటీ ఉండదు. తాతగారు, నాన్నగారు సూరిబాబు గారు ఇంట్లో నేర్పింది, పైన పినాకపాణి, వోలేటి, నేదునూరి గార్ల దగ్గర దిద్దుకున్నది అంతా నిదానంగా బయటికొస్తుంది. వోలేటి గారంటే పిన్నికి చిన్నప్పటి విజయవాడ రేడియో. ఒకచోట ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే సంగతి విని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, పాట అయ్యేదాకా వదల్లేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది మాట విరగకపోవడం. ఆ ఊళ్ళో మూడు రోజులు వరసగా విన్న తెలుగులో, అర్థం వెతుక్కోకుండా విన్నది ఆ రెండున్నర గంటలే.

మంగళం అయ్యాక పెద్దావిడ లేస్తూ నన్ను ఏ ఊరని అడిగింది. విజయవాడ అన్నాను. కళ్ళు పెద్దవి చేసి, వేదిక వైపు చూపించి, "మీకేమమ్మా, వీళ్ళని ఎప్పుడంటే అప్పుడు వినచ్చు" అంది.

పిన్ని నా వైపు చూసింది. నేను అవునన్నట్టు తలూపి, చెప్పులు వెతుక్కునే పనిలో పడ్డాను.