రీబౌండ్: గ్రహాలు ఎలా తయారయ్యాయో నడిపి చూసే ఉచిత సాఫ్ట్‌వేర్

సౌరకుటుంబం పుట్టుకలో చివరి దశ, అంటే గ్రహ పిండాలు ఒకదాన్నొకటి ఢీకొని భూమి, శుక్రుడు తయారైన ఘట్టం, సొంత కంప్యూటర్లో నడిపి చూడాలంటే రీబౌండ్ చాలా మంచి సాధనం. ఓపెన్ సోర్స్, పైథాన్ ఉంటే ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ అయిపోతుంది. సౌరకుటుంబం పుట్టిందని లాప్లాస్ అనే శాస్త్రవేత్త చెప్పిన వాయుమేఘం దగ్గర్నుంచి మొదలుపెడదామనుకుంటే మాత్రం ఇది పనికిరాదు. దీనికి తెలిసింది ప్రధానంగా గురుత్వాకర్షణ, ఢీకొనడాలు.

పిండాలు ఢీకొని గ్రహాలు తయారయ్యాయన్న సిద్ధాంతాన్ని నిలదీయడానికి అంగారకుడిని మించిన పరీక్ష లేదు. పదార్థాన్ని సూర్యుడి దగ్గర్నుంచి గురుడి దాకా పరిచి నడిపితే, అంగారకుడి చోట చాలాసార్లు భూమిలో సగానికి తగ్గని గ్రహం వస్తుంది. అసలు అంగారకుడి ద్రవ్యరాశి భూమిలో 10.7 శాతమే. 2009లో హాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త రెండు భూముల ద్రవ్యరాశిని 400 ముక్కలు చేసి, సూర్యుడి నుంచి 0.7 నుంచి 1 ఆస్ట్రనామికల్ యూనిట్ (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) మధ్య పట్టీలోనే పెట్టి చూస్తే చిన్న అంగారకుడు దక్కాడు. ఆ పట్టీకి బయటి అంచు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు 2011 నాటి గ్రాండ్ టాక్ అనే ప్రతిపాదన ఒక జవాబు: గురుడు 1.5 యూనిట్ల దాకా లోపలికొచ్చి వెనక్కి మళ్లాడంటుంది.

హాన్సెన్ ప్రయోగాన్నే రీబౌండ్‌లో చేయాలంటే మెర్క్యూరియస్ ఇంటిగ్రేటర్ (పిండాల కదలికను అడుగడుగునా లెక్కించే పద్ధతి) వాడాలి. డబ్ల్యుహెచ్‌ఫాస్ట్ అనే ఇంకో ఇంటిగ్రేటర్ వేగమైనదే, కానీ రెండు పిండాలు బాగా దగ్గరైతే లెక్క తప్పుతుంది. ఒక్కో ముక్కకు వ్యాసార్థం తప్పనిసరిగా ఇవ్వాలి: ఘన సెంటీమీటరుకు 3 గ్రాముల సాంద్రతతో దాదాపు 1,330 కిలోమీటర్లు. ఇవ్వకపోతే అది సున్నా, ఎన్ని కోట్ల ఏళ్లు నడిపినా ఒక్క ఢీ కూడా జరగదు. ఢీ గుర్తింపును ఆన్ చేసి, కలిపేయమని విడిగా చెప్పాలి కూడా.

ఎక్కువమంది తప్పు చేసేది టైమ్‌స్టెప్ దగ్గర, అంటే లెక్క ఒక్కో అడుగులో ఎంత కాలం ముందుకెళ్లాలన్న దగ్గర. రీబౌండ్ సొంత కొలమానాలు మార్చకపోతే ఏడాది అంటే 1 కాదు, 6.283. ఆరు రోజుల అడుగు కావాలంటే 0.103 ఇవ్వాలి, ఏళ్లనుకుని 0.0164 ఇస్తే పని ఆరు రెట్లు సాగుతుంది, అసలే 10 కోట్ల ఏళ్ల పరుగు. అలాగని అడుగు పెంచేయకూడదు. ఏదైనా పిండం సూర్యుడికి 0.3 ఆస్ట్రనామికల్ యూనిట్ల దగ్గరికి విసిరేయబడితే దాని ప్రదక్షిణ 60 రోజులే, ఆరు రోజుల అడుగు కూడా అక్కడ పెద్దదే.

కలిపేయమంటే ఢీకొన్నవన్నీ పూర్తిగా కలిసిపోయినట్టే రీబౌండ్ లెక్కేస్తుంది, అసలు ఢీల్లో చాలావరకు ముక్కలు చెదురుతాయి. కలిసినప్పుడు గతిశక్తి తగ్గడం బగ్ కాదు, కంగారు పడొద్దు. ఒక పిండాన్ని మీటరు జరిపినా చివరికి వేరే కుటుంబం తయారవుతుంది కాబట్టి, ఒకే పరుగును ప్రాసెసర్‌లోని కోర్లన్నిటికీ పంచడం కంటే కోరుకొకటి చొప్పున వేర్వేరు పరుగులు పెట్టడం మేలు.