జడ్జిని తొలగించడం: శ్రీకాకుళం జిల్లా కోర్టులో ఒకలా, అమరావతి హైకోర్టులో మరోలా

శ్రీకాకుళం జిల్లా జడ్జి మీద ఆరోపణ వస్తే పగ్గాలు హైకోర్టువే. రాజ్యాంగం 235వ అధికరణ కింద సస్పెండ్ చేసేదీ, విచారణ జరిపించేదీ అదే. అభియోగాలు రాతపూర్వకంగా ఇచ్చి, జవాబు చెప్పుకోనివ్వాలి (311వ అధికరణ). ఈ పద్ధతి తప్పితే కేసు బెడిసికొట్టవచ్చు. తొలగింపు ఉత్తర్వు గవర్నర్ పేరున వచ్చినా, హైకోర్టు సిఫారసుకు ఆయన కట్టుబడాల్సిందే. బార్ అసోసియేషన్ కోర్టు బహిష్కరించినంత మాత్రాన ఎవరి పదవీ పోదు.

అదే హైకోర్టు జడ్జి అయితే వ్యవహారం ఢిల్లీకి పోతుంది. తొలగింపు తీర్మానం నోటీసు మీద లోక్‌సభలో 100 మంది లేదా రాజ్యసభలో 50 మంది సంతకాలు, ఆపై ముగ్గురు సభ్యుల కమిటీ విచారణ. దుష్ప్రవర్తన లేదా అశక్తత రుజువైతే, ఒకే సమావేశాల్లో రెండు సభలూ తీర్మానించాలి. ప్రతి సభలో మొత్తం సభ్యుల్లో సగానికి మించి, ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు కూడా కావాలి. అప్పుడే రాష్ట్రపతి ఉత్తర్వు. ఓటు వేయకుండా కూర్చున్నా చాలు, తీర్మానం వీగిపోతుంది: 1993లో సుప్రీంకోర్టు జడ్జి రామస్వామి విషయంలో కాంగ్రెస్ సభ్యులు చేసిందదే.