ఐర్లండ్‌లో పాట వినాలన్నా, పట్టుకోవాలన్నా: డబ్లిన్, డూలిన్

ఐరిష్ గాథాగీతాలు, బ్రిటిష్ పాలనను ఎదిరించే తిరుగుబాటు పాటలు ఎదురుగా కూర్చుని విని రికార్డు చేసుకోవాలనుకుంటే, టికెట్ కొనకముందే తేల్చుకోవలసింది ఒకటుంది: కావలసింది పాటా, వాద్యమా? పబ్బు బయట 'సెషన్' అని రాసి ఉంటే లోపల వాయించేది ఎక్కువగా ఫిడిల్, ఫ్లూట్, మోచేతితో తిత్తి నొక్కి వాయించే ఇలన్ పైపుల మీద రీళ్ళూ జిగ్గులనే నాట్య బాణీలే. మధ్యలో రెండు మూడు పాటలు పడితే అదృష్టం.

డబ్లిన్‌లో పాట తేలిగ్గా దొరికే చోటు టెంపుల్ బార్. గిటారూ మైకూ పట్టుకుని పగటిపూట నుంచే పాడతారు, తిరుగుబాటు పాటలకు అక్కడ కొదవ లేదు. రికార్డింగుకు మాత్రం దండగ. స్పీకర్ల మోత ఒకవైపు, జనం కేకలు ఇంకోవైపు, పైగా బీరు ధరా ఎక్కువే. స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ అనే పబ్బు నయం. 1960లలో డబ్లినర్స్ అనే జానపద గాయక బృందం రూపుదిద్దుకున్న ఓడొనహ్యూస్ పబ్బు మెరియన్ రోలో ఉంది. ఇరుకు కాబట్టి గంట ముందే వెళ్ళాలి.

పాత రికార్డింగులు వినాలంటే 73 మెరియన్ స్క్వేర్‌లోని ఐరిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ ఆర్కైవ్‌కు వెళ్ళండి. ప్రవేశం ఉచితం. ముందుగా మెయిల్ రాసి, ఏ పాట, ఏ గాయకుడు అన్నది చెబితే పని తొందరగా తెములుతుంది. తిరుగుబాటు పాటల వెనక చరిత్ర చూడాలంటే కిల్‌మైనమ్ జైలు ఉంది. దాని టికెట్లు 28 రోజుల ముందు ఆన్‌లైన్‌లో వదులుతారు, త్వరగా అయిపోతాయి. మరణశిక్షకు కొన్ని గంటల ముందు, 1916 మేలో, తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన జోసెఫ్ ప్లంకెట్ తన ప్రియురాలు గ్రేస్ గిఫర్డ్‌ను పెళ్ళాడింది అక్కడే. ఆమె పేరుతో ఉన్న 'గ్రేస్' పాట ఆనాటిదేనని చాలామంది అనుకుంటారు గానీ, అది పుట్టింది 1985లో.

క్లేర్ జిల్లాలోని డూలిన్‌కు గాల్వే నుంచి 350 నంబరు బస్సుంది. సెషన్లు రాత్రి తొమ్మిది దాటాకే ఊపందుకుంటాయి, అవి ముగిశాక బస్సు ఉండదు. అందుకే బస ఊళ్ళోనే తీసుకోవాలి. పబ్బుల్లో ఓకానర్స్ ఫిషర్ స్ట్రీట్‌లో, మెక్‌గాన్స్, మెక్‌డెర్మట్స్ రోడ్‌ఫర్డ్‌లో. రెంటి మధ్య కిలోమీటరు దాకా చీకటి రోడ్డు, టార్చి తప్పనిసరి. బీ అండ్ బీల్లో (గదితోపాటు ఉదయం ఫలహారం ఇచ్చే ఇళ్ళు) పొద్దున పెట్టే బ్లాక్ పుడ్డింగ్‌లో పంది రక్తం ఉంటుంది, శాకాహారులు ముందే చెప్పుకోవాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు రాత్రి తొమ్మిదయ్యాక, మే నుంచి సెప్టెంబరు దాకా పదయ్యాక, పబ్బులో ఉండకూడదు. జూలైలో మిల్‌టౌన్ మాల్‌బేలో సంప్రదాయ సంగీతం నేర్పే విలీ క్లాన్సీ సమ్మర్ స్కూల్ జరిగే వారం ఆ ఊళ్ళో గది దొరకడం కష్టం. అప్పుడు లాహించ్, లేదంటే ఎనిస్ మేలు.

ఇక రికార్డింగు. వాయిద్యాలు అందుకోకముందే బృందంలో పెద్దగా కనిపించేవారిని అడగాలి. పాట ఎంత పాతదైనా, పాడినవారికి తమ గొంతు మీద చట్టం ఇచ్చిన హక్కుంది. ఫోన్‌లో ఆటో గెయిన్ (శబ్దం తగ్గినప్పుడు ఫోనే దాన్ని పెంచే ఏర్పాటు) ఆపకపోతే, తోడు వాయిద్యం లేని పాటలో చరణానికీ చరణానికీ మధ్య పబ్బు గోల ఉప్పెనలా లేస్తుంది. చేతి రికార్డరుంటే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్‌లో (కుదించని ధ్వని ఫైలు) పెట్టి, గరిష్ఠ స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచండి. గంటకు ఒక జీబీ పైచిలుకు పడుతుంది. బోరాన్ డప్పు పక్కన కూర్చుంటే మిగతావన్నీ మునిగిపోతాయి, అందుకే ఎదురు మూల, బార్ కౌంటరుకు దూరంగా కూర్చోవాలి. బల్ల మీద నేరుగా పెడితే గ్లాసుల చప్పుడూ కాలితాళమూ చెక్కలోంచి ఎక్కుతాయి. కింద మడతపెట్టిన మఫ్లరు వేస్తే చాలు. ప్లగ్గు బ్రిటన్‌లో వాడేదే, చదరపు మూడు పుల్లలది. మన ఛార్జరుకు అడాప్టరు కావాలి.

ఎవరైనా గొంతెత్తి ఒంటరిగా పాడుతుంటే గ్లాసు కూడా కదపరు. పల్లవి వచ్చినప్పుడు మాత్రం, మన భజనలోలాగే, అందరూ అందుకుంటారు. మీ గొంతు కలిపితే అది మైకులో అందరికంటే ముందుంటుందని మరవొద్దు. తిరుగుబాటు పాట పాడమని మీరై అడగకండి, బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో అయితే అసలే వద్దు. పక్క బల్ల దగ్గరివారు ఐర్లండ్ వైపో, బ్రిటన్ వైపో మనకు తెలియదు.