వైజాగ్‌లో సైకియాట్రీ పీజీ: ఆప్షన్లు లాక్ చేసే ముందు రెండు రోజులు

ఎండీ సైకియాట్రీ సీటుకి మన దగ్గర ఇంటర్వ్యూ లేదు. నీట్ పీజీ ర్యాంకు, కేటగిరీ, ఆప్షన్ల వరస, అంతే. అలాట్‌మెంట్ లెటర్ పట్టుకుని రిపోర్టింగ్‌కి వెళ్లిన రోజే మొదటిసారి ఆ డిపార్ట్‌మెంట్ గడప తొక్కేవాళ్లు చాలామంది. అక్కడ ఉండాల్సింది మూడేళ్లు. సర్జరీ లాంటి బ్రాంచిలో కేసుల సంఖ్య చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. సైకియాట్రీలో పనిముట్టు మాటే. మనం రోగితో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని విని, ఎక్కడ తొందరపడ్డామో చెప్పేవాళ్లు ఉన్నారా లేరా అన్నదాని మీదే చదువంతా నడుస్తుంది. అది కాలేజీ వెబ్‌సైట్లో కనపడదు. వాళ్లు మనల్ని ఇంటర్వ్యూ చెయ్యరు కాబట్టి మనమే వెళ్లి వాళ్లని నాలుగు మాటలు అడిగి రావాలి.

వెళ్లడానికి మంచి సమయం ఫలితాలు వచ్చాక, కౌన్సెలింగ్ మొదలయ్యే లోపు. రౌండ్లు మొదలయ్యాక ఆప్షన్లు పెట్టడానికి ఇచ్చే రోజులు తక్కువ, తిరగడానికి తీరిక ఉండదు. సగం సీట్లు ఆలిండియా కోటాలో ఎంసీసీ (కేంద్రం నడిపే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) ద్వారా, మిగతా సగం విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారా అన్నది ప్రభుత్వ కాలేజీల లెక్క. ప్రైవేటు కాలేజీలది వేరు. ఆ ఏటి సీట్ మ్యాట్రిక్స్ దించుకుని, వైజాగ్ చుట్టుపక్కల సైకియాట్రీ ఎక్కడెక్కడ ఎన్ని సీట్లున్నాయో రాసుకున్నాకే టికెట్ తీయండి. నిరుటి లిస్టు చూసి బయల్దేరితే లేని సీటు కోసం తిరిగినట్టవుతుంది.

వారం ముందు హెచ్‌ఓడీ (విభాగాధిపతి) ఆఫీసుకి చిన్న మెయిల్ పెట్టండి. పేరు, ఎంబీబీఎస్ రిజిస్ట్రేషన్ నంబరు, వచ్చే తేదీ, ఓపీలో ఒక పూట కూర్చుని గమనించడానికి అనుమతి, నాలుగు వాక్యాలు చాలు. జవాబు రాకపోతే ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. అనుమతి లేకుండా వార్డులోకి వెళ్లొద్దు. అక్కడున్నవాళ్లు మనల్ని రమ్మని పిలవలేదు. ఫోను జేబులోంచి తీయొద్దు. రోగి ఫొటో, వివరాలు బయటికి పొక్కడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే కట్టడి చేస్తోంది.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి గోదావరి ఎక్స్‌ప్రెస్ బాగా కుదురుతుంది. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి వైజాగ్, తొమ్మిదింటికి ఓపీలో ఉండొచ్చు. సికింద్రాబాద్ నుంచి మధ్యాహ్నం బయల్దేరే వందే భారత్ సుఖమే గాని, దిగేది రాత్రి పొద్దుపోయాక, రూము ముందే చూసుకోవాలి. టికెట్ మీద దిగే స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చూడండి. హౌరా వైపు పోయే కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్లోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. విశాఖలో ఇంజన్ వెనక్కి మార్చుకోవాల్సి రావడమే దానికి కారణం. దువ్వాడలో దిగితే ఊళ్లోకి రావడానికే ముప్పావుగంట పైన పడుతుంది.

బస విషయంలో మా ఓటు ఎంవీపీ కాలనీకి, లేకపోతే చినవాల్తేరుకి. మానసిక వైద్యశాలకి దగ్గర, రాత్రి నిశ్శబ్దం, మద్దిలపాలెం వెళ్లి హైవే బస్సు పట్టుకోవడం తేలిక. ద్వారకానగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టూ లాడ్జీలు చవక, తిండికి లోటు లేదు. వీధి వైపు రూము ఇస్తే మాత్రం తెల్లవారుజాము నుంచీ హారన్లే. బీచ్ రోడ్డు హోటళ్లలో కట్టేది సముద్రానికి, మన పనికి దాని అవసరం లేదు. డిసెంబరు, జనవరిల్లో అరకు వెళ్లే జనంతో ఊరంతా రూముల రేట్లు పెరుగుతాయి, శని ఆదివారాలు మరీను. ఒక్క పూటే పనైతే స్టేషన్‌లో రిటైరింగ్ రూము పీఎన్‌ఆర్ నంబరుతో ముందే బుక్ చేసుకుని స్నానం చేసి బయటపడటం అన్నిటికన్నా చవక.

మొదటి రోజు పూర్తిగా చినవాల్తేరుకి ఇవ్వండి. ఊళ్లో ఆటోవాళ్లకి ప్రభుత్వ మానసిక వైద్యశాల అంటే ఒక క్షణం ఆలోచిస్తారు, మెంటల్ హాస్పిటల్ అంటే చప్పున అర్థమవుతుంది. 1871లో మొదలైన ఆసుపత్రి ఇది, ఆంధ్ర మెడికల్ కాలేజీ కన్నా యాభై ఏళ్లు పెద్దది. కాలేజీ వచ్చింది 1923లో. ఆ కాలేజీ సైకియాట్రీ చదువు నడిచేది ఈ ఆవరణలోనే. 2014 విభజనలో ఎర్రగడ్డ తెలంగాణకి పోయాక, రాష్ట్రంలో మిగిలిన పెద్ద మానసిక వైద్యశాల ఇదే. మూడు వందల పడకలు. శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా, ఆ పైన ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు పల్లెల నుంచీ వస్తారు. తెలుగు, ఒడియా, హిందీ చెవిన పడతాయి. ఏజెన్సీ నుంచి వచ్చిన మనిషి తన గిరిజన భాష కువిలో మాట్లాడితే మధ్యలో అనువాదం చేసేది వెంట వచ్చిన బంధువే. అలాంటప్పుడు మానసిక స్థితి పరీక్ష ఎలా రాస్తారో అక్కడి పీజీని అడగండి. ఆ జవాబులో చాలా తెలుస్తుంది.

ఓపీలో కొత్త కేసుల టేబుల్ దగ్గర ఒక పూట కూర్చుంటే చాలు. మెతుకు పట్టుకుని చూస్తే అన్నం సంగతి తెలిసినట్టే. ఒక తల్లి కొడుకుని తీసుకొచ్చి, “ఆరు నెలల్నుంచి వాడు వాడు కాడు బాబూ, ఎవరో చిల్లంగి పెట్టారు” అంటుంది. మంచి శిక్షణ ఉన్న చోట పీజీ ఆ మాటని కొట్టిపారెయ్యడు, రాసుకుంటాడు. చిల్లంగి అని ఎప్పుడు అనుమానం వచ్చింది, నిద్ర ఎప్పట్నుంచి తగ్గింది, ఒంటరిగా నవ్వుకోవడం, తనలో తాను మాట్లాడుకోవడం ఉందా, గంజాయి ఉందా అని ఒక్కొక్కటీ అడుగుతాడు. తర్వాత “అమ్మా, మీరో పది నిమిషాలు బయట కూర్చోండి” అని అబ్బాయితో విడిగా మాట్లాడతాడు. ఆ పది నిమిషాలు చాలా ముఖ్యం. తల్లి ముందు గంజాయి సంగతి, చచ్చిపోవాలనిపించే సంగతి ఏ కుర్రాడూ చెప్పడు. ఆ తర్వాత కేసు కన్సల్టెంట్ ముందు పెడితే, ఆయన చీటీ మీద సంతకం పెట్టి పంపేస్తున్నారా, రోగిని తానుగా రెండు ప్రశ్నలైనా అడుగుతున్నారా? పీజీ వదిలేసింది పట్టుకుని, దాని గురించి మాట్లాడుతున్నారా? గడియారం చూసి రాసుకోండి. కొత్త కేసుకి ముప్పావుగంట దొరుకుతుంటే అది బడి. పది నిమిషాల్లో మందుల చీటీ చేతికొస్తుంటే అక్కడ నేర్చుకునేది మందుల పేర్లే. రద్దీ ఎక్కువైతే అందరికీ ముప్పావుగంట ఇవ్వడం ఎవరి తరమూ కాదు. అలాంటి చోట రోజుకి ఒకటో రెండో కేసులైనా వివరంగా చర్చకి పక్కన పెడుతున్నారా అన్నది అడగాలి.

పెద్ద మానసిక వైద్యశాల ఇచ్చే చదువు ఒక రకం. తీవ్రమైన స్కిజోఫ్రెనియా, ఉన్మాదం, ఏళ్ల తరబడి ఇంటికి పోలేనివాళ్లు, రోడ్ల మీద తిరుగుతుంటే మెజిస్ట్రేట్ ఉత్తర్వుతో పోలీసులు తెచ్చినవాళ్లు. మానసిక ఆరోగ్య చట్టం చేతితో నేర్చుకునేది ఇక్కడే. పరీక్షించడానికి ఒక మంచి ప్రశ్న: సెక్షన్ 89 కింద, అంటే తన నిర్ణయం తాను తీసుకోలేని స్థితిలో ఉంటే ప్రతినిధి కోరిక మీద, చేర్చుకున్న రోగికి కాగితాలు ఎవరు రాస్తారు? తెలిసినవాళ్లు తడుముకోకుండా చెబుతారు. ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు. మహిళ, మైనర్ అయితే మూడు రోజుల్లో, మిగతావాళ్లయితే ఏడు రోజుల్లో ఆ చట్టం కింద ఏర్పడ్డ రివ్యూ బోర్డుకి తెలపాలి. ముప్పై రోజులు దాటితే సెక్షన్ 90. ఇది రెండో ఏడాది పీజీకి నోటికి రాకపోతే అక్కడ కాగితాలు గుమస్తా నింపుతున్నాడనే అనుకోవాలి.

రెండో రకం చదువు జనరల్ ఆసుపత్రిది. మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) కొండవాలు మీద ఉంటుంది, చినవాల్తేరు నుంచి ఆటోలో కొద్ది దూరం. మెడిసిన్ వార్డులో తాగుడు మానేసిన మూడో రోజు వణుకుతూ గోడ మీద పురుగులు కనిపిస్తున్నాయనే మనిషి, పురుగుమందు తాగి బతికినవాళ్లు, కాన్పయిన పది రోజులకి మతి చెదిరిన బాలింత, ఐసీయూలో డెలీరియం (ఒంటి జబ్బు వల్ల ఉన్నట్టుండి స్పృహ, మతి తడబడటం). ప్రాక్టీసు పెట్టాక రోజూ ఎదురయ్యేవి ఇవే. కాబట్టి ఏ కాలేజీలోనైనా అడగాల్సింది: వేరే వార్డు నుంచి రెఫరల్ పిలుపు వస్తే ఎవరు వెళ్తారు, ఎంతసేపట్లో వెళ్తారు, వెంట కన్సల్టెంట్ వస్తారా? ఆ పోస్టింగు ఎన్ని నెలలు, నిజంగా పంపుతున్నారా? న్యూరాలజీ, పిల్లల సైకియాట్రీ, వ్యసనాల విభాగం పోస్టింగుల గురించి కూడా ఇదే ప్రశ్న. కాగితం మీద అన్నీ ఉంటాయి. మనుషులు చాలక వార్డు డ్యూటీకే కట్టేస్తే ఆ నెలలు గాలిలో కలిసిపోతాయి. ఎండీ ప్రాక్టికల్స్‌లో న్యూరాలజీ కేసు ఉంటుంది, దెబ్బ తగిలేది అక్కడే.

రెండో రోజు హైవే వైపు. ఋషికొండలో గీతం, మరికవలసలో గాయత్రీ విద్యా పరిషత్, సంగివలసలో ఎన్‌ఆర్‌ఐ కాలేజీ, ఈ మూడూ నగరానికి ఉత్తరాన ఉన్నాయి. గీతంకి భీమిలి పోయే 900కె బస్సు, మరికవలస, సంగివలసలకి తగరపువలస పోయే 222 బస్సు. మూడూ ఒకే రోజు చూద్దామనుకుంటే ఏదీ చూసినట్టుండదు, రెండు చాలు. దూరంగా ఉన్న సంగివలసతో పొద్దున్నే మొదలుపెట్టి వెనక్కి రండి. పది దాటాక హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అరపూట పోతుంది. ప్రైవేటు కాలేజీల్లో ఓపీ పలచగా ఉండొచ్చు. అది లోటే, అయితే కేసుకి సమయం దొరుకుతుంది. క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారా, రీహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందా, తెలివితేటల పరీక్షల కిట్లు అల్మారాలో సీలుతో ఉన్నాయా, వాడి నలిగాయా చూడండి. సైకోథెరపీ కేసులకి పర్యవేక్షణ ఎవరిదని అడిగితే ఒక పేరు రావాలి. “అందరం చూస్తాం” అంటే ఎవరూ చూడరని.

ల్యాబు గురించి ఒక మాట. బైపోలార్ జబ్బుకి వాడే లిథియం రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష ఆసుపత్రిలోనే చేస్తారా, బయటికి పంపుతారా? ఆఖరి మోతాదు తీసుకున్న పన్నెండు గంటలకి రక్తం తియ్యాలి. ఆ వేళకి తీసేవాళ్లు లేకపోతే వచ్చిన అంకెకి అర్థం లేదు. మొండి స్కిజోఫ్రెనియాకి వాడే క్లోజపిన్ మొదలుపెట్టిన మొదటి 18 వారాలు వారం వారం రక్తకణాల లెక్క చూడాలి. ఆ ఏర్పాటు లేని చోట క్లోజపిన్ వాడటానికే జంకుతారు, మీరూ ఆ జంకుతోనే బయటికొస్తారు.

ఈసీటీ (తలకి కరెంటు ఇచ్చి చేసే చికిత్స) గది తప్పక చూడనివ్వమని అడగండి. మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని చట్టం నిషేధించింది. కాబట్టి అనస్థీషియా యంత్రం, ఆక్సిజన్, సక్షన్, పల్స్ ఆక్సీమీటరు, కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ పెట్టే ఫ్రిజ్ కనపడాలి. అనస్థీటిస్టు వారంలో ఏ రోజులు వస్తారో అడగండి. రాని రోజున వాయిదా పడుతుందా? రిజిస్టరు అడగొద్దు, అందులో రోగుల పేర్లుంటాయి. ఖాళీ ఫారం చూపించమనండి. ఇచ్చిన చార్జి ఎన్ని మిల్లీకూలంబులు, ఫిట్ ఎన్ని సెకన్లు అనే గడులు దాని మీద ఉన్నాయంటే, ఆ గదిలో నేర్పేవాళ్లున్నారని నమ్మొచ్చు.

పీజీలతో మాట్లాడేది మధ్యాహ్నం ఓపీ అయ్యాక, క్యాంటీన్లో, హెచ్‌ఓడీ గదికి దూరంగా. అన్నా, అక్కా అని పలకరిస్తే మనసు విప్పి చెబుతారు. “డ్యూటీలెలా ఉంటాయి” అంటే “పర్లేదు” అనే జవాబే వస్తుంది. జరిగిన సంగతి అడగండి. “అన్నా, నిన్న రాత్రి డ్యూటీలో ఎవరున్నారు? ఎన్ని అడ్మిషన్లయ్యాయి? ఏ టైముకి కన్సల్టెంట్‌కి ఫోన్ చేశారు, ఆయన ఏమన్నారు? ఈ పూట మళ్లీ డ్యూటీ ఉందా?” ఇలా అడిగితే మూడేళ్ల బతుకు కళ్ల ముందు నిలుస్తుంది. “అక్కా, రోగి చెయ్యి చేసుకున్నప్పుడు పక్కన ఎవరున్నారు? తర్వాత డిపార్ట్‌మెంట్ ఏం చేసింది?” అని కూడా. 2023 పీజీ నిబంధనల్లో వారానికి ఒక సెలవు, ఏడాదికి 20 క్యాజువల్ లీవులు, 5 అకడమిక్ లీవులు ఉన్నాయి. అవి రోస్టర్‌లో కనపడుతున్నాయా అని మొదటి ఏడాది వాళ్లని అడగండి. జిల్లా ఆసుపత్రిలో పనిచేయాల్సిన జిల్లా రెసిడెన్సీ మూడు నెలలు ఎక్కడ వేస్తున్నారో రెండో ఏడాది వాళ్లకి తెలుస్తుంది. థీసిస్ గైడు ఎన్నాళ్లకి డ్రాఫ్టు చదివి వెనక్కిచ్చారో చెప్పేది మూడో ఏడాది వాళ్లు. ముగ్గురి మాటా ఒకే వైపు పోతే అది నిజం. ఒక్కరి మాటతో తీర్మానించొద్దు, ఆ రోజు అతనికి నిద్ర లేకపోయి ఉండొచ్చు.

హాస్టల్ ఇవ్వడం కాలేజీ బాధ్యత, అందులోనే ఉండాలన్న నిబంధన పీజీకి లేదు. కాబట్టి రూము కన్నా డ్యూటీ రూము మీద దృష్టి పెట్టండి. లోపలి గడియ పడుతుందా, మహిళా పీజీలకి విడిగా ఉందా, అర్ధరాత్రి అక్కణ్ణుంచి వార్డుకి నడిచే దారిలో దీపాలు వెలుగుతున్నాయా? చీకటి పడ్డాక ఆ దారిన ఒకసారి నడిచి చూడండి.

స్టైపెండ్ నెలనెలా పడుతోందా, ఎన్ని నెలలు బకాయి అన్నది సొంత బ్యాంకు మెసేజ్ చూసి చెప్పగలిగేది పీజీలే. సీటు వదిలేస్తే కట్టాల్సిన బాండు, చదివాక ప్రభుత్వ సేవ షరతు ఆ ఏటి నోటిఫికేషన్లో చూసుకోండి, ఎవరి నోటిమాటా నమ్మొద్దు. నోట్సు రైలెక్కకముందే, స్టేషన్ బెంచీ మీద కూర్చునైనా, కాలేజీకో పేజీగా తిరగరాసుకోండి. తెల్లారేసరికి ఏ మాట ఏ కాలేజీలో విన్నారో కలగాపులగం అయిపోతుంది.