మైక్రోకెర్నెల్‌లో మెసేజ్: క్యూ మేలా, నేరుగా అందించడం మేలా, ఉమ్మడి మెమరీ మేలా?

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె. మైక్రోకెర్నెల్ కొద్ది పనులే తన దగ్గర ఉంచుకుని, మిగతావి సర్వర్లనే వేరే ప్రోగ్రామ్‌లకు వదిలేస్తుంది, అందుకే వాటి మధ్య మెసేజ్‌లు తప్పవు. 50 మెగాహెర్ట్జ్ 486 ప్రాసెసర్ మీద 8 బైట్ల మెసేజ్‌ను ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) నుంచి ఇంకో ప్రాసెస్‌కి చేర్చడానికి మాక్ అనే మైక్రోకెర్నెల్‌కు 115 మైక్రోసెకన్లు పట్టేది. అదే యంత్రం మీద యోహెన్ లీడ్కె తయారుచేసిన మైక్రోకెర్నెల్ ఎల్3కి 5 చాలాయి. 1993 నాటి ఈ లెక్కలు చూశాక మైక్రోకెర్నెల్ అంటేనే నెమ్మది అనడం కుదరదు. తేడా అంతా మెసేజ్‌ను ఎలా చేరవేస్తారన్న దాంట్లోనే ఉంది.

మాక్‌లో ప్రతి పోర్టుకూ (మెసేజ్‌లు అందుకునే చిరునామాకూ) ఒక క్యూ. డేటా ముందు కెర్నెల్ బఫర్‌లోకి, అక్కడి నుంచి అందుకునేవాడి మెమరీలోకి వెళ్తుంది: రెండు కాపీలు. బఫర్ కేటాయింపు, పోర్టు హక్కుల తనిఖీ, షెడ్యూలర్ (తర్వాత ఎవరికి సీపీయూ ఇవ్వాలో తేల్చే భాగం) పని దీనికి అదనం. పంపేవాడు ఆగక్కర్లేదన్న సుఖమైనా క్యూ నిండేదాకానే. మామూలు హద్దు 5 మెసేజ్‌లు.

ఎల్4, ఎస్ఈఎల్4, క్యూఎన్ఎక్స్ అనే మైక్రోకెర్నెల్‌లది సింక్రనస్ దారి: క్యూ ఉండదు, అందుకునేవాడు సిద్ధమయ్యేదాకా పంపేవాడు ఆగుతాడు. ఎల్4 తరహాలో అందుకునేవాడు అప్పటికే కాచుకుని ఉంటే కెర్నెల్ షెడ్యూలర్‌ను కదపకుండా నేరుగా అతనికే సీపీయూ ఇస్తుంది. చిన్న మెసేజ్ రిజిస్టర్లలోనే (సీపీయూ లోపలి చిన్న గదుల్లోనే) ఉండిపోతుంది కాబట్టి మెమరీ కాపీ లేదు. పంపి జవాబు కోసం ఆగడం ఒకే సిస్టమ్ కాల్ (కెర్నెల్‌ను పిలవడం). జవాబిచ్చి తర్వాతి పని అందుకోవడం ఇంకొకటి. మొత్తం రాకపోకలకు కెర్నెల్‌లోకి రెండే ప్రవేశాలు. ఎక్స్86-64 ఎస్ఈఎల్4లో రిజిస్టర్లలో పట్టేది 4 పదాలే. అయిదోది చేర్చారా, ఫాస్ట్‌పాత్ (ఈ దగ్గరి దారి) పోయినట్టే. ప్రోటోకాల్ రాసేటప్పుడే ఈ 4 లోపల సర్దుకోవాలి.

ఈ పద్ధతికి రెండు గండాలు. రెండు సర్వర్లు ఒకదానికొకటి పంపుకుంటే రెండూ శాశ్వతంగా ఆగిపోతాయి. అందుకే పిలుపు ఎప్పుడూ ఒకే దిశలో వెళ్లాలి. ఎదురు దిశకు పంపేవాణ్ణి ఆపని చిన్న సంకేతం వాడాలి: క్యూఎన్ఎక్స్‌లో పల్స్, ఎస్ఈఎల్4లో నోటిఫికేషన్. రెండోది, సర్వర్ వేరే కోర్ మీద ఉంటే ఆ కోర్‌కు ఇంటరప్ట్ పంపాలి, నేరుగా మారే లాభం పోతుంది.

ఇక ఉమ్మడి మెమరీలో రింగ్ బఫర్: ఇద్దరికీ కనిపించే గుండ్రటి వరస, పంపేవాడు టెయిల్ దగ్గర రాస్తాడు, సర్వర్ హెడ్ దగ్గర చదువుతుంది. నెట్‌వర్క్ ప్యాకెట్లకు, డిస్క్ బ్లాకులకు, వేరే కోర్ మీది సర్వర్‌కు నేనైతే ఇదే వాడమంటాను. కాకపోతే తప్పులకు చోటు ఎక్కువ. హెడ్, టెయిల్ వేర్వేరు క్యాష్ లైన్లలో (క్యాష్ ఒక్కసారిగా తెచ్చుకునే ముక్కల్లో, ఎక్స్86లో 64 బైట్లు) ఉండాలి, లేకపోతే ఆ లైను కోర్ల మధ్య ఊగుతూనే ఉంటుంది. డేటా రాశాకే టెయిల్‌ను రిలీజ్ స్టోర్‌తో (తన ముందు రాతలన్నీ ముందే కనిపించేలా చేసే రాతతో) పెంచాలి. మామూలు స్టోర్ ఎక్స్86 మీద గట్టెక్కినా ఆర్మ్ మీద తప్పు బయటపడుతుంది. నిద్రపోయే ముందు సర్వర్ ‘నిద్రలో ఉన్నా, లేపండి’ అనే జెండా ఎత్తి, పూర్తి బారియర్ (ముందు వెనకల మెమరీ పనులు కలగాపులగం కాకుండా ఆపే ఆదేశం) వేసి, రింగ్‌ను మళ్లీ ఒకసారి చూడాలి. పంపేవాడు కూడా టెయిల్ పెంచాక, జెండా చూసే ముందు, బారియర్ వేయాలి. ఇవి మానేస్తే సర్వర్‌ను లేపే మేలుకొలుపు జారిపోతుంది, ఎక్స్86 మీద కూడా. మెసేజ్ పొడవు ఫీల్డును సర్వర్ ముందు సొంత మెమరీలోకి కాపీ చేసుకుని అప్పుడే తనిఖీ చేయాలి. తనిఖీకీ వాడకానికీ మధ్యలో క్లయింట్ దాన్ని మార్చేయగలడు.

కాబట్టి చిన్న వినతికి సింక్రనస్, పెద్ద డేటాకు రింగ్, మేలుకొలుపుకు నోటిఫికేషన్. వేగమే కావాలంటే కెర్నెల్ క్యూకి నా ఓటు లేదు.

కొలిచేటప్పుడు పింగ్-పాంగ్ లూప్ (ఒకే మెసేజ్‌ను అటూ ఇటూ పంపే పరీక్ష) ఒక్కటే నమ్మొద్దు, అందులో క్యాష్ ఎప్పుడూ వేడిగానే (కావలసిన డేటాతో సిద్ధంగానే) ఉంటుంది. 1997లో 133 మెగాహెర్ట్జ్ పెంటియం మీద గెట్‌పిడ్ అనే చిన్న సిస్టమ్ కాల్ మామూలు లినక్స్‌లో 1.68 మైక్రోసెకన్లు ఉంటే, ఎల్4 మీద నడిచే ఎల్4లినక్స్‌లో 3.95కు పెరిగింది, రెట్టింపు పైనే. అసలు పనిభారంతో కొలిస్తే మాత్రం తగ్గిన గరిష్ఠ వేగం 5 శాతం దగ్గరే.